పోర్ఫిరియా ఎటాక్‌లు ఆగిపోయిన తరువాత కూడా కాలేయానికి ఆరునెలలకోసారి స్కానింగ్ అవసరమా?

ప్రశ్న – వ్రాసినవారు: శరన్మేఘం

నాకు 53 ఏళ్లు. అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్ఫిరియా (రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ అనే పదార్థం తయారీలో వచ్చే వంశపారంపర్య లోపం) ఉన్నట్లు యౌవనంలోనే నిర్ధారణ అయింది. ఆ రోజుల్లో నెలసరికి ముందు భరించలేని కడుపునొప్పి, వాంతులు, గుండెదడ, కాళ్లలో సత్తువ లేకపోవడం వంటి లక్షణాలతో పదేపదే ఆసుపత్రిలో చేరవలసి వచ్చేది. మొదట గ్లూకోజ్, ఆ తరువాతి కాలంలో హెమిన్ (హీమ్‌తో చేసిన మందు) ఎక్కించేవారు. నెలసరి ఆగిపోయాక ఎటాక్‌లు కూడా దాదాపుగా ఆగిపోయాయి. మూత్రంలో పీబీజీ (హీమ్ తయారీ మధ్యలో ఏర్పడే పదార్థం) మాత్రం ఇప్పటికీ ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువగానే వస్తోంది.

ఇటీవల ఒక కాలేయ నిపుణురాలిని కలిసినప్పుడు, ఈ వ్యాధి ఉన్నవారికి 50 ఏళ్లు దాటాక కాలేయ క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువని, ఇకపై ఆరునెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలని ఆవిడ చెప్పారు. నేను మద్యం తాగను. హెపటైటిస్ బి, సి పరీక్షలు నెగటివ్. కాలేయ ఎంజైములు, ఆల్ఫా ఫీటోప్రోటీన్ (కాలేయ కణితి కోసం చేసే రక్తపరీక్ష) సాధారణంగానే ఉన్నాయి, సిర్రోసిస్ లేదని ఫైబ్రోస్కాన్‌లో తేలింది. ఇవన్నీ చూసిన మా కుటుంబ వైద్యుడు, ఇంత శుభ్రంగా ఉన్న కాలేయానికి క్యాన్సర్ భయమెందుకని, అనవసరమైన స్కానింగులు అనవసరమైన ఆందోళననే తెచ్చిపెడతాయని అంటున్నారు. ఇద్దరి మీదా నాకు గౌరవముంది; ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

దీనితో పాటు మరో సందేహం. మా అన్నయ్యకు 56 ఏళ్లు. ఆయనలోనూ ఇదే జన్యులోపం ఉన్నట్లు పరీక్షలో తేలింది కానీ జీవితంలో ఒక్క ఎటాక్ కూడా రాలేదు. ఆయన కూడా ఈ పరీక్షలు చేయించుకోవాలా? ఈ విషయం తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

---

సమాధానం – వ్రాసినవారు: యకృత్_వైద్యుడు

మీ నిపుణురాలు చెప్పింది సరైన సలహా. అయితే మీ కుటుంబ వైద్యుడి సందేహం కూడా అర్థంలేనిదేమీ కాదు. మామూలుగా కాలేయ క్యాన్సర్ ఎలా వస్తుందో తెలిసిన ఏ వైద్యుడికైనా ఆ సందేహమే కలుగుతుంది. హెపటైటిస్ వల్లనో, మద్యం వల్లనో, కొవ్వు పేరుకోవడం వల్లనో కాలేయం ఏళ్ల తరబడి దెబ్బతిని, మచ్చపడి, సిర్రోసిస్‌గా మారిన తరువాత అందులో కణితి పుట్టడం సాధారణంగా మేము చూసే క్రమం. అందువల్ల సిర్రోసిస్ లేదంటే ప్రమాదం లేదనుకోవడం సహజం. పోర్ఫిరియాలో ఆ క్రమం వర్తించదు. ఈ రోగులలో బయటపడిన కాలేయ క్యాన్సర్లలో చాలా వరకు సిర్రోసిస్ లేని కాలేయంలోనే పుట్టాయి.

ఈ సంబంధం కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. స్వీడన్, ఫిన్లాండ్ వైద్యులు 1980లలోనే దీనిని గమనించి వ్రాశారు. స్వీడన్ ఉత్తర ప్రాంతంలో ఒకే పూర్వీకుల నుంచి సంక్రమించిన జన్యులోపం వల్ల ఈ వ్యాధి ఉన్న కుటుంబాలు అసాధారణంగా ఎక్కువ. పైగా అక్కడ జనాభా రిజిస్టర్లు, క్యాన్సర్ రిజిస్టర్లు దశాబ్దాలుగా పకడ్బందీగా నడుస్తున్నందువల్ల లెక్క తీయడం సాధ్యమైంది. 2022లో ప్రచురితమైన స్వీడన్ అధ్యయనంలో అక్యూట్ హెపాటిక్ పోర్ఫిరియా (మీ వ్యాధి కూడా ఉండే వర్గం) ఉన్న 1244 మందిని, వారికి సరిపోయేలా ఎంచుకొన్న సాధారణ జనంతో పోల్చి చూశారు. సుమారు రెండు దశాబ్దాల పరిశీలనలో పోర్ఫిరియా ఉన్నవారిలో 83 మందికి, అంటే 6.7 శాతం మందికి, ప్రాథమిక కాలేయ క్యాన్సర్ వచ్చింది. పోల్చిన వారిలో అది 0.2 శాతం మాత్రమే. వయసు వంటి అంశాలను సర్దుబాటు చేసి చూస్తే ప్రమాదం దాదాపు 38 రెట్లని తేలింది.

ఈ 38 రెట్లు అనే అంకెను మాత్రం జాగ్రత్తగా చదవాలి. సిర్రోసిస్ లేని సాధారణ వ్యక్తికి కాలేయ క్యాన్సర్ వచ్చే అవకాశం చాలా స్వల్పం కనుక, ఆ స్వల్పాన్ని ఎన్ని రెట్లు చేసినా పోర్ఫిరియా ఉన్నవారిలో అత్యధికులకు ఈ క్యాన్సర్ రాదు. అదే అధ్యయనంలో 93 శాతానికి పైగా మందికి అది రాలేదని మీరు గుర్తుంచుకోవాలి. అలాగని కొట్టిపారేయదగ్గ ప్రమాదమూ కాదు. వయసు 50 దాటాక ఇది స్పష్టంగా పెరుగుతుంది, అంతకు ముందు చాలా అరుదు. ఇలా వచ్చేది ఎక్కువగా హెపటోసెల్యులర్ కార్సినోమా (కాలేయ కణాలలో పుట్టే క్యాన్సర్), కొద్దిమందిలో పిత్తవాహికలకు వచ్చే క్యాన్సర్ కూడా కనిపించింది.

ఆల్ఫా ఫీటోప్రోటీన్ విషయంలో ఒక హెచ్చరిక. పోర్ఫిరియా రోగులలో కణితి ఉన్నప్పటికీ ఈ పరీక్ష ఫలితం సాధారణంగా ఉండటం తరచూ కనిపించేదే. కాబట్టి రక్తపరీక్ష బాగుందన్న ఒక్క కారణంతో స్కానింగ్ మానుకోవద్దు. ఎంజైముల సంగతీ అంతే. చిన్న కణితి వాటిని కదిలించదు.

అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజికల్ అసోసియేషన్ 2023లో ఇచ్చిన మార్గదర్శకంలో, అక్యూట్ హెపాటిక్ పోర్ఫిరియా ఉన్నవారు 50 ఏళ్ల నుంచి ప్రతి ఆరునెలలకూ కాలేయానికి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలని సూచించారు. ఎటాక్‌లు వస్తున్నంత కాలమే చేయించుకోవాలని అందులో లేదు. మీ మూత్రంలో పీబీజీ ఇంకా ఎక్కువగా ఉందంటే కాలేయంలో ఆ రసాయన ప్రక్రియ ఇంకా సాగుతూనే ఉందని అర్థం. మీ వరకు నా అభిప్రాయంలో సందిగ్ధం లేదు: చేయించుకోండి.

---

సమాధానం – వ్రాసినవారు: జీవరసాయన_పాఠకుడు

నేను వైద్యుడిని కాను, జీవరసాయన శాస్త్రం బోధిస్తాను. సిర్రోసిస్ లేకుండా క్యాన్సర్ ఎలా వస్తుందనే ప్రశ్నకు ఇప్పటివరకు తెలిసినంత మేరకు వివరణ ఇస్తాను.

హీమ్ తయారీ ఎనిమిది ఎంజైముల వరుసగా జరుగుతుంది. కాలేయంలో ఆ వరుసకు పగ్గాలు పట్టుకొన్నది మొదటి ఎంజైము, ఏఎల్ఏఎస్1. హీమ్ చాలినంత ఉంటే ఇది నెమ్మదిస్తుంది, హీమ్ తగ్గితే విజృంభిస్తుంది. ఇంటర్మిటెంట్ పోర్ఫిరియాలో మూడవ ఎంజైము సామర్థ్యం సుమారు సగానికి పడిపోయి ఉంటుంది. ఉపవాసం, కొన్ని మందులు, హార్మోన్ల మార్పులు వంటి కారణాలతో మొదటి ఎంజైము రెచ్చిపోయినప్పుడు, మూడవ మెట్టు వద్ద పని సాగక ఏఎల్ఏ, పీబీజీ అనే పదార్థాలు కాలేయంలో పోగుపడి రక్తంలోకి చేరతాయి. పోర్ఫిరియా ఉన్న వ్యక్తి నుంచి తీసిన కాలేయాన్ని మరొక రోగికి అమర్చిన సందర్భాలలో ఆ రెండో వ్యక్తికి కూడా ఎటాక్‌లు వచ్చాయి. మూలం కాలేయమేనని చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

క్యాన్సర్ విషయానికి వస్తే, ప్రధానంగా మూడు ఆలోచనలు ప్రచారంలో ఉన్నాయి. ఏఎల్ఏ తనంతట తాను ఆక్సీకరణం చెందుతూ చురుకైన ఆక్సిజన్ రూపాలను విడుదల చేస్తుంది, అవి డీఎన్ఏను గాయపరుస్తాయి. ఈ గాయం దశాబ్దాల పాటు, నొప్పి ఉన్న రోజుల్లోనూ లేని రోజుల్లోనూ, పాటకు వెనుక శ్రుతిలా ఆగకుండా సాగుతుంది. రెండవది, కణంలో స్వేచ్ఛగా తిరిగే హీమ్ కొరతపడటం. ఆక్సీకరణ దెబ్బల నుంచి కణాన్ని కాపాడే కొన్ని ఎంజైములకు హీమ్ కావాలి, కనుక దాడి పెరిగిన చోటే రక్షణ తగ్గుతుంది. మూడవది నాకు మరింత ఆసక్తికరంగా అనిపించింది. ఇంటర్మిటెంట్ పోర్ఫిరియా రోగుల కణితులను జన్యుపరంగా పరిశీలించినప్పుడు, కొన్నింటిలో పుట్టుకతో దెబ్బతిన్న జన్యు ప్రతితో పాటు, బాగున్న రెండవ ప్రతి కూడా ఆ కణితి కణాలలో పాడైపోయినట్లు కనిపించింది. అంటే ఆ జన్యువు హీమ్ తయారీకే కాక కణం అదుపు తప్పకుండా ఉండటానికి కూడా ఏదో విధంగా తోడ్పడుతూ ఉండవచ్చు. ఇది అన్ని కణితుల్లోనూ కనిపించలేదు కాబట్టి దీనినే పూర్తి కారణంగా తీసుకోకూడదు.

ఈ మూడింటిలో దేనికీ కాలేయం మచ్చపడటం తప్పనిసరి కాదు. నొప్పితో కూడా వీటికి నేరుగా సంబంధం లేదు. మీకు ఎటాక్‌లు ఆగినా పీబీజీ తగ్గలేదన్న వాక్యం వద్ద యకృత్_వైద్యుడు గారు ఆగడానికి కారణం అదేననుకొంటున్నాను.

ఒక పక్కమాట. చర్మం మీద బొబ్బలు వచ్చే పోర్ఫిరియా క్యుటేనియా టార్డాలో కూడా కాలేయ క్యాన్సర్ ప్రస్తావన వస్తుంది. కానీ అక్కడ ఇనుము, హెపటైటిస్ సి, మద్యం, సిర్రోసిస్ పాత్ర పెద్దది. రెండింటి గురించిన సమాచారాన్ని కలిపి చదివితే గందరగోళమే మిగులుతుంది.

---

సమాధానం – వ్రాసినవారు: మౌనవాహకుడు

శరన్మేఘం గారి అన్నయ్య ఉన్న స్థితిలోనే నేనూ ఉన్నాను కనుక ఆ భాగానికి సమాధానం ఇస్తున్నాను. పై సమాధానాలతో నాకు పూర్తి విభేదం లేదు కానీ, మీకు వర్తించేది మీ అన్నయ్యకు అలాగే వర్తిస్తుందని అనుకోవడం తొందరపాటు అవుతుంది.

సాధారణ జనాభాలో జన్యుపరీక్షలు విస్తృతంగా జరిగిన తరువాత తేలిన విషయమేమిటంటే, ఈ జన్యులోపం మోసేవారు అనుకొన్నదాని కంటే చాలా ఎక్కువమంది ఉన్నారు. సుమారు 1700 మందిలో ఒకరని అంచనా. అందులో ఎటాక్ వచ్చేది వందలో ఒకరికి మించదు. రోగుల కుటుంబాలలో ఆ నిష్పత్తి ఎక్కువే అయినా, అక్కడ కూడా అనేకమంది జీవితాంతం ఏ లక్షణమూ లేకుండా గడిపేస్తారు. క్యాన్సర్ లెక్కలన్నీ ప్రధానంగా రిజిస్టర్లలోకి ఎక్కిన కుటుంబాల నుంచి, అందులోనూ ఉత్తర ఐరోపా నుంచి వచ్చినవి. అమెరికాలో నమోదైన రోగులలో కాలేయ క్యాన్సర్ స్వీడన్‌లో కనిపించినంత ఎక్కువగా కనిపించలేదు. మరి జన్యుపరీక్షలో పేరు కనిపించిన ప్రతి వ్యక్తినీ జీవితాంతం స్కానింగ్ గదికి పంపడం ఎంతవరకు న్యాయం?

నా వరకు నేను పాటించిన పద్ధతి ఇది. మొదట మూత్రంలో పీబీజీ, ఏఎల్ఏ కొలిపించుకొన్నాను. క్రియాటినిన్‌తో పోల్చి లెక్కగట్టిన ఆ ఫలితం సాధారణ పరిధిలోనే ఉంది. స్వీడన్ అధ్యయనంలోనే ఈ పదార్థాలు ఎక్కువగా ఉన్నవారికి, పోర్ఫిరియాతో ఆసుపత్రిలో చేరినవారికి ప్రమాదం ఎక్కువని తేలింది కదా. అలాంటప్పుడు లక్షణాలు లేకపోయినా పీబీజీ ఎక్కువగా ఉన్న వాహకుడిని ఒక రకంగా, నాలాంటి వాడిని మరొక రకంగా చూడటమే సబబు. మీ అన్నయ్యకు ఈ మూత్రపరీక్ష జరిగిందో లేదో మీరు వ్రాయలేదు. ముందుగా జరగవలసింది అదేనని నా ఉద్దేశం.

---

సమాధానం – వ్రాసినవారు: యకృత్_వైద్యుడు

మౌనవాహకుడు గారి వాదనలో బలముంది, ముఖ్యంగా మూత్రపరీక్ష ముందు జరగాలన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. నా అభ్యంతరం ఒక్కటే. లక్షణాలు ఎన్నడూ లేని కొందరు వాహకులలో కూడా కాలేయ క్యాన్సర్ బయటపడింది. ఆ క్యాన్సర్ వచ్చిన తరువాతనే తమకు పోర్ఫిరియా ఉందని తెలిసినవారు కూడా వైద్య సాహిత్యంలో కనిపిస్తారు. సిర్రోసిస్, హెపటైటిస్ ఏదీ లేకుండా కాలేయ కణితి కనిపించిన వ్యక్తికి ఒకసారి పీబీజీ పరీక్ష చేయించడం మంచిదని మా విద్యార్థులకు చెబుతుంటాను.

కాబట్టి వారి అన్నయ్య విషయంలో నేను ఇలా చేస్తాను. పీబీజీ, ఏఎల్ఏ ఎక్కువగా ఉంటే ఆయనను ఎటాక్‌లు వచ్చిన రోగితో సమానంగానే పరిగణించి ఆరునెలలకోసారి స్కానింగ్ సూచిస్తాను. అవి పదేపదే సాధారణంగా వస్తే, కుటుంబంలో ఎవరికైనా కాలేయ క్యాన్సర్ వచ్చిందా, బరువు, మధుమేహం, మద్యం వంటి ఇతర భారాలు ఉన్నాయా అన్నది చూసి, ఆయనతో కూర్చొని మాట్లాడి నిర్ణయిస్తాను. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు, సూది లేదు. హాని చేయగలిగినది తరువాతి మెట్టు: అనుమానాస్పదంగా కనిపించిన ప్రతి చిన్న మచ్చ వెంటా పరుగెత్తి చేసే పరీక్షలు. ఆ ఆందోళన గురించి కుటుంబ వైద్యుడు అన్న మాట అక్కడ నిజమవుతుంది.

స్కానింగ్ వల్ల నిజంగా ప్రాణాలు దక్కుతున్నాయా అని ఎవరైనా అడగకముందే చెబుతాను. స్వీడన్‌లో క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకొన్నవారిలో కణితులు చిన్నవిగా ఉండగానే దొరికాయి, వారు ఎక్కువకాలం జీవించారు. అయితే అది యాదృచ్ఛికంగా రెండు గుంపులుగా విభజించి చేసిన పరీక్ష కాదు. ముందుగా కనిపెట్టినందువల్ల బ్రతికిన కాలం ఎక్కువగా కనిపించడం కూడా అందులో కొంత కలిసి ఉండవచ్చు. ఇంత అరుదైన వ్యాధిలో అంతకంటే గట్టి సాక్ష్యం కోసం వేచి ఉండటం ఆచరణలో సాధ్యం కాదని నా అభిప్రాయం.

---

స్పందన – వ్రాసినవారు: శరన్మేఘం

అందరికీ ధన్యవాదాలు. పరీక్షలు కొనసాగించాలని నిశ్చయించుకొన్నాను, అన్నయ్యకు మూత్రపరీక్ష చేయించడానికి ఒప్పించాను. ఇంకా కొన్ని సందేహాలు ఉన్నాయి. స్కానింగ్‌కు పరగడుపున రమ్మంటారు, కానీ ఉపవాసం ఉండకూడదని నాకు మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. ఏదైనా కనిపిస్తే సీటీ, ఎమ్మారై చేసేటప్పుడు ఇచ్చే రంగుమందు మాకు సరిపడుతుందా? చివరిగా, ఎటాక్‌లను తగ్గించే గివోసిరాన్ సూదిమందు తీసుకొంటే క్యాన్సర్ ప్రమాదం కూడా తగ్గుతుందా?

---

సమాధానం – వ్రాసినవారు: యకృత్_వైద్యుడు

ఉపవాసం ప్రశ్న చాలా మంచిది. చాలా స్కానింగ్ కేంద్రాలలో ఈ వ్యాధి పేరే వినని సిబ్బంది ఉంటారు కనుక ఇది రోగే అడగవలసిన విషయం. అల్ట్రాసౌండ్‌కు సాధారణంగా ఆరు గంటలు ఏమీ తినకుండా ఉంటే చాలు. రాత్రి ఆలస్యంగా, పిండిపదార్థాలు తగినంత ఉండేలా భోజనం చేసి, ఉదయం మొట్టమొదటి సమయాన్ని ముందుగానే అడిగి తీసుకోండి. పరీక్ష ముగిసిన వెంటనే తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి. మధ్యాహ్నం వరకు వరుసలో కూర్చోబెట్టడమే అసలు సమస్య, దానిని అంగీకరించవద్దు. ఏదైనా ప్రక్రియ కోసం ఎక్కువసేపు నోటి ద్వారా ఏమీ తీసుకోకూడదంటే, ఆ సమయంలో సిర ద్వారా గ్లూకోజ్ ఇవ్వమని అడగండి.

రంగుమందుల వల్ల పోర్ఫిరియా రెచ్చిపోతుందన్న భయం అక్కరలేదు. చూసుకోవలసింది మూత్రపిండాలను. ఎటాక్‌లు ఎదుర్కొన్న ఈ వ్యాధిగ్రస్తులలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి చాలా సాధారణం. అందువల్ల మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ కనీసం ఏడాదికోసారి చూడాలి, రంగుమందు ఇచ్చే ముందు తప్పనిసరిగా చూడాలి. రక్తపోటును కూడా అదుపులో ఉంచుకోవాలి.

కణితి కనిపించినప్పుడు మరో తేడా ఉంది. సిర్రోసిస్ ఉన్నవారిలో సీటీ లేదా ఎమ్మారైలో రంగుమందు ప్రవహించే తీరును బట్టే, ముక్క తీయకుండానే కాలేయ క్యాన్సర్ అని నిర్ధారించవచ్చు. ఆ నియమాలు సిర్రోసిస్, దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవారి కోసం రూపొందించినవి. సిర్రోసిస్ లేని పోర్ఫిరియా రోగికి వాటిని నేరుగా అన్వయించలేము కాబట్టి బయాప్సీ అవసరం కావచ్చు. ఆ మాట వినగానే మీ వైద్యులు అతిగా చేస్తున్నారని అనుకోకండి.

చికిత్స విషయంలో సిర్రోసిస్ లేకపోవడం మీకు కలిసివచ్చే అంశం. మిగిలిన కాలేయం ఆరోగ్యంగా ఉంటుంది కనుక కణితి ఉన్న భాగాన్ని కోసి తీసివేయడం చాలామందిలో సాధ్యపడుతుంది. కొందరికి కాలేయ మార్పిడి చేస్తారు. కొత్త కాలేయంతో ఇంటర్మిటెంట్ పోర్ఫిరియా కూడా నయమవుతుంది. ఈ వ్యాధికి మార్పిడి విజయవంతమైందన్న మొదటి నివేదిక 2004లో వెలువడింది. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేవారికి మీ వ్యాధి సంగతి ముందే చెప్పాలి. థయోపెంటాల్ వంటి బార్బిచురేట్‌లు పనికిరావు, ప్రొపోఫాల్ వాడవచ్చు. కీమోథెరపీ, వాంతులకు మందు, మూర్ఛ మందు, ఏదైనా సరే, పోర్ఫిరియాకు సంబంధించిన మందుల జాబితాలో సరిచూడకుండా మొదలుపెట్టకూడదు. నార్వేలోని బెర్గెన్‌లో ఉన్న పోర్ఫిరియా కేంద్రం నిర్వహించే డేటాబేస్ మందులను ఐదు తరగతులుగా విభజించి చూపుతుంది. మీ వైద్యులకు దాని గురించి చెప్పండి.

గివోసిరాన్ గురించి జీవరసాయన_పాఠకుడు గారి వివరణ చదివితే ఆశ కలగడం సహజమే. అది పగ్గాలు పట్టుకొన్న మొదటి ఎంజైము తయారీనే అణచివేస్తుంది, ఏఎల్ఏ, పీబీజీ బాగా తగ్గుతాయి, ఎటాక్‌లూ తగ్గుతాయి. కానీ అమెరికాలో దానికి అనుమతి వచ్చింది 2019లో. దశాబ్దాల పాటు పేరుకొనే ప్రమాదం మీద దాని ప్రభావాన్ని తేల్చడానికి ఈ కాలం చాలదు. పైగా అది పదేపదే ఎటాక్‌లు వచ్చేవారి కోసం ఉద్దేశించిన మందు. దానివల్ల కాలేయ ఎంజైములు, హోమోసిస్టీన్ పెరగవచ్చు, మూత్రపిండాల పనితీరు తగ్గవచ్చు. ఎటాక్‌లు లేని మీకు క్యాన్సర్ నివారణ కోసమే దానిని మొదలుపెట్టమని నేను చెప్పను, తీసుకొంటున్నవారు కూడా స్కానింగ్ మానకూడదు.

మీరు గతంలో హెమిన్ చాలాసార్లు తీసుకొన్నారు కాబట్టి ఒకసారి ఫెరిటిన్ (శరీరంలో ఇనుము నిల్వను చూపే రక్తపరీక్ష) కూడా చూపించుకోండి. హెమిన్ బరువులో 8 నుంచి 9 శాతం ఇనుమే, పదేపదే ఎక్కించినప్పుడు అది కాలేయంలో నిలువ ఉండిపోతుంది. హెపటైటిస్ బి టీకా వేయించుకొని ఉండకపోతే అది కూడా అన్నయ్యతో కలిసి వేయించుకోండి.